బాబాయి అప్పుల పుస్తకం

మా బాబాయి పోయాక ఆయన ట్రంకు పెట్టెలోంచి నాకు వచ్చింది ఒక పొడుగాటి ఖాతా పుస్తకం. కిరాణా కొట్లో చిట్టా రాసుకునే రకం. ఎర్ర గుడ్డ అట్ట, అంచులు చెదలు తినేశాయి. ఇప్పటికీ తెరిస్తే, ఫొటో చెరగకుండా నిలవడానికి వాడే హైపో మందు వాసన వస్తుంది. అట్ట లోపల ఆయన గుండ్రటి చేతిరాతతో ‘ఇవ్వవలసినవి’ అని ఉంటుంది. ఇంట్లో అందరం దాన్ని అప్పుల పుస్తకం అనేవాళ్లం. అందులో ఒక్క రూపాయి లెక్క కూడా లేదు. వరసకో నంబరు, ఊరి పేరు, ఫొటోలో ఎవరున్నారో నాలుగు మాటలు, ఇచ్చేశాక చివర కొట్టిన టిక్కు. అంతే.

‘88. కోడూరు. తాత, మనవరాలు, మేకపిల్ల.’

‘131. నాగాయలంక రేవు. వల బాగుచేస్తున్న ముగ్గురు.’

‘207. ఎదురుమొండి. కొత్త కోడలు, తలుపు దగ్గర.’

కృష్ణా జిల్లా చల్లపల్లిలో బాబాయికి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. బజారు వీధిలో పెంకుటింటి మేడగది. ఒక గోడకి పెయింటు వేసిన తెర. తెర మీద పాలరాతి మెట్లు, పూలకుండీలు, దూరంగా చెరువులో రెండు హంసలు. ముందు ఒక కుర్చీ, పక్కన స్టూలు మీద ఏ తీగా లేని నల్ల టెలిఫోను. దివిసీమ పల్లెల నుంచి కొత్త దంపతులు బస్సెక్కి వచ్చి ఆ మెట్ల ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లేవాళ్లు. స్కూలు సెలవులొస్తే నా మకాం అక్కడే. మా నాన్న అదే ఊళ్లో టీచరు, బాబాయికి పిల్లలు లేరు. అందుకని నేను ఇద్దరి ఇళ్లలోనూ పెరిగాను.

స్టూడియోలో తీసే ఫొటోలు బియ్యానికి, ఉప్పుకి. బాబాయి ప్రాణం మాత్రం ఆదివారాల మీద ఉండేది. ఆదివారం పొద్దున్నే సైకిలు తీసి, మెడలో యాషికా ట్విన్ లెన్స్ కెమెరా వేసుకుని, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్లిపోయేవాడు. మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా అది. రెండు కళ్లుంటాయి. పైనుంచి తొంగి చూస్తే గాజు మీద లోకమంతా కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. రీలుకి పన్నెండు ఫొటోలే. పన్నెండూ ఆయన ఊరికే, తన సంతోషం కోసం తీసేవాడు. పొలంలో కూలీలు, రేవులో జాలర్లు, అరుగు మీద ముసలమ్మలు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. కానీ ప్రతి ఫొటోకీ పుస్తకంలో ఒక వరస పడేది. మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు ప్రింటు వాళ్ల చేతిలో పెట్టాకే టిక్కు.

“ఊరికే తీశాం కదా బాబాయ్, ఇవ్వకపోతే ఏం?” అని ఒకసారి అడిగాను.

“తీశాం అంటున్నావు చూడు, అక్కడే ఉంది,” అన్నాడు. “తీసుకున్నాం. వాళ్ల దగ్గర ఉన్నదే తీసుకున్నాం. తిరిగి ఇవ్వకపోతే అప్పు కాక మరేమిటి?”

తెలుగులో మనం ఫొటో తీస్తాం అంటాం. ఇంత వయసొచ్చినా ఆ మాట వాడినప్పుడల్లా నాకు ఆయన గొంతే వినిపిస్తుంది.

డార్క్ రూమ్ అంటే మెట్ల కింద గది. తలుపు సందులకి గోనెపట్టా. లోపల ఎర్ర బల్బు. మూడు పింగాణీ ట్రేలు వరసగా: డెవలపర్, దాని పక్కన కొంచెం వెనిగర్ కంపు కొట్టే నీళ్లు, చివర హైపో. కలకండ పలుకుల్లా ఉండే హైపోని వేడినీళ్లలో కలిపే పని నాది. నీళ్లలో పడగానే గిన్నె చల్లబడిపోయేది, అదొక వింత నాకు. బాబాయి, నెగెటివ్‌లోని బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ కింద తెల్ల కాగితం పెట్టి, వెలుతురిచ్చి, డెవలపర్లోకి జార్చేవాడు. ట్రేని ఒక మూల పట్టుకుని మెల్లగా ఊపుతూ ఉండాలి. ముందు ఏమీ ఉండదు. తర్వాత జుట్టు వస్తుంది. కనుబొమ్మలు, కళ్లలో నలుపు, ఆ తర్వాత పెదవుల మధ్య గీత. ముఖం అన్నిటికన్నా చివర నిండుతుంది. వెయ్యిసార్లు చూసి ఉంటాను, వెయ్యిసార్లూ ఊపిరి బిగబట్టాను.

ప్రింటు కడగడంలో మాత్రం ఆయన దగ్గర రాజీ లేదు. గంటసేపు నీళ్లు మారుస్తూ గాబులో నానబెట్టించేవాడు. “హైపో మిగిలితే పదేళ్లకి పసుపు తిరుగుతుంది. వాళ్లింట్లో ఉండబోయేది ఇదొక్క ఫొటో. మనవళ్ల దాకా ఉండాలి,” అనేవాడు. చేతులు నానిపోయి ముడతలు పడేవి నాకు.

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నాకు పదకొండేళ్లు.

దివిసీమ ఉప్పెన గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అధికార లెక్కల్లోనే మృతులు 10,000 దాకా. అక్కడి మనుషులు ఆ లెక్కని ఇప్పటికీ ఒప్పుకోరు. తాటిచెట్టంత అల వచ్చిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పేవాళ్లు. చల్లపల్లి సముద్రానికి దూరం కాబట్టి మాకు అల రాలేదు, గాలి వచ్చింది. రాత్రంతా ఇంటి మీద ఎవరో నడుస్తున్నట్టు పెంకులు ఎగిరిపోతున్న చప్పుడు. మా అమ్మ మమ్మల్ని మంచం కింద పడుకోబెట్టి తడి దుప్పటి కప్పింది. తెల్లారి చూస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు.

బాబాయి స్టూడియో పైకప్పు సగం పోయింది. హంసలున్న తెర నిలువునా చిరిగింది. కెమెరా పెట్టెలో ఉండబట్టి దక్కింది. నెగెటివ్‌లు దాచిన బిస్కెట్ డబ్బాల్లో నీళ్లు చేరి, ఫిల్ము ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన వాటిని చూసి ఏమీ అనలేదు. బేసిన్లో చల్లటి నీళ్లు పోసి, డబ్బా తర్వాత డబ్బా అందులో నానేసి, వేళ్లతో ఒక్కొక్క ముక్కా విడదీసి, దండెం మీద క్లిప్పులతో ఆరేయడం మొదలుపెట్టాడు. కొన్నిటి మీద పొర లేచి ముఖాలు జారిపోయాయి. చాలావాటికి ఏమీ కాలేదు.

ఆ పని ఎందుకు చేస్తున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. ఊరంతా అన్నం వండి లారీలకెక్కిస్తుంటే ఈయన ఫిల్ములు ఆరేసుకుంటున్నాడేమిటి అని ఇరుగుపొరుగు కూడా అనుకున్నారు. ఆయన పగలు అన్నం లారీలతో వెళ్లి వచ్చేవాడు, రాత్రి లాంతరు దగ్గర ఫిల్ములు విడదీసేవాడు. ఎప్పుడు నిద్రపోయాడో మాకు తెలీదు.

రెండు వారాల తర్వాత నాగాయలంక వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఎవరో ఇచ్చిన చొక్కా, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, “అయ్యా, ఉగాది ముందు మా ఇంటి దగ్గర ఒక ఫొటో తీశారు. మా ఆవిడా, పిల్లా. కాపీ ఇచ్చారు కూడా. ఇల్లే లేదిప్పుడు. ఇంకోటి ఏమైనా వస్తుందా?” అన్నాడు.

బాబాయి పుస్తకం తీశాడు. నంబరు దొరికింది. దండెం మీదా దొరికింది. కానీ ఊళ్లో కరెంటు లేదు. ఎన్లార్జర్ పనిచేయదు.

ఆ రాత్రి మెట్ల కింద గదిలో జరిగింది నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. హరికేన్ లాంతరుకి ఎర్ర గ్లాసు కాగితం చుట్టాడు. బ్రోమైడ్ పేపరు మీద నెగెటివ్ పెట్టి, పైన అద్దం ముక్క అదిమి నన్ను పట్టుకోమన్నాడు. టార్చిలైటు మూతికి పల్చటి కాగితం మూడు పొరలు కట్టి, “ఒకటీ... రెండూ...” అని లెక్కబెట్టి ఆర్పేశాడు. మొదటిది నల్లగా మాడిపోయింది. రెండోది పాలిపోయింది. నాలుగోదానికి కుదిరింది. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే, బిస్కెట్ అంత చదరం. అందులో పాక ముందు ఒకామె, ఆమె చంకలో పాప. పాప చెయ్యి కదిలినట్టుంది, కొంచెం అలుక్కుపోయింది.

మర్నాడు ఆ వచ్చినాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏడవలేదు. “చెయ్యి ఊపుతోంది చూశారా,” అన్నాడు. జేబు లేని ఆ చొక్కాలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు. మా పిన్ని పసుపు గుడ్డ చించి ప్రింటు చుట్టి ఇచ్చింది.

ఆ తర్వాత బాబాయి ఎవరూ వచ్చేదాకా ఆగలేదు. పుస్తకంలో దివిసీమ ఊళ్లున్న వరసలన్నీ, టిక్కు పడ్డవి కూడా, మళ్లీ మొదటి నుంచి అప్పుగానే లెక్కగట్టాడు. ఇచ్చిన ప్రింట్లన్నీ సముద్రంలో కలిసిపోయాయి కాబట్టి ఇవ్వనట్టే అన్నాడు. రాత్రి ప్రింట్లు, పగలు సైకిలు. సెలవు రోజుల్లో క్యారేజీ మీద నేను. ఒళ్లో బిస్కెట్ డబ్బా. దారి పొడుగునా విరిగిన తాటిచెట్లు, ఉప్పు పేరిన పొలాలు, శిబిరాల ముందు వరసలు. ఒక్కోచోట ప్రింటు ఇచ్చి వచ్చేవాళ్లం. ఒక్కోచోట ఫొటోలో ఉన్నవాళ్లు, అడగవలసినవాళ్లు, ఇద్దరూ ఉండేవాళ్లు కాదు. అప్పుడు ఆయన సైకిలు దిగి కాసేపు నిలబడి, డబ్బా మూత బిగించి, మళ్లీ ఎక్కేవాడు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ రోజుల్లో దివిసీమకి చాలామంది కెమెరాలతో వచ్చారు. పేపర్లలో వచ్చిన ఫొటోలు చూసి దేశమంతా కదిలింది. బియ్యం, బట్టలు, మందులు, డబ్బు లారీల్లో వచ్చాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. ఆ ఫొటోలు లేకపోతే అంత సాయం అంత తొందరగా వచ్చేది కాదు, ఇది బాబాయే చెప్పేవాడు. శవాల ఫొటోలు తీసినవాళ్లని ఆయన ఎప్పుడూ తప్పుపట్టలేదు. తాను మాత్రం తీయలేకపోయాడు. “వాళ్లు లోకానికి చూపించాలి. నేను వీళ్లకి చూపించాలి. పని వేరు,” అన్నాడు.

ఆ మాట బరువు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

1988లో నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాను. మొదటి ఏడాది జీతంలో మిగిల్చిన డబ్బుతో కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. బాబాయి పిచ్చి నాకూ పట్టింది. ఆదివారాలు నావీ వీధుల్లోనే గడిచేవి. చార్మినార్ పొద్దులు, మూసీ ఒడ్డు దోభీలు, ఎండాకాలం కూలీలు. ఫొటోలు పత్రికల్లో పడ్డాయి, ఒకటి రెండు బహుమతులు వచ్చాయి. చుట్టూ నలుగురు స్నేహితులు చేరారు.

2004లో మేమంతా కలిసి ఒక ప్రదర్శన పెట్టాం. ఊరి శివార్లలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం నడిచే ఒక హాస్టల్ ఉండేది. అక్కడికి నెలరోజులు వెళ్లి పిల్లల ఫొటోలు తీశాం. వాటిని పెద్దవి చేయించి, ఫ్రేములు కట్టించి, అమ్మగా వచ్చిన డబ్బంతా హాస్టల్‌కే ఇవ్వాలని అనుకున్నాం. బాగా అమ్ముడుపోయాయి. పలక గుండెకి హత్తుకుని నవ్వుతున్న ఒక పాప ఫొటోకి అన్నిటికన్నా ఎక్కువ, 6,000 రూపాయలు పలికింది. మొత్తం 41,000. నా కెమెరా మంచి పనికి ఉపయోగపడిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చెక్కు ఇవ్వడానికి హాస్టల్‌కి వెళ్లాం. కార్యక్రమం అయ్యాక ఆ పాప నా దగ్గరికి వచ్చింది. ఎనిమిదేళ్లుంటాయి. “సార్, నన్ను తీశారు కదా. నేనెలా వచ్చాను?” అంది.

నా దగ్గర ఆ ఫొటో లేదు. ఉన్న ఒక్క ప్రింటూ ఎవరి డ్రాయింగ్ రూములోనో గోడకుంది. బాగా వచ్చావమ్మా అన్నాను. పాప ఇంకా నా చేతుల వైపు చూస్తూనే ఉంది.

ఆ రాత్రి బాబాయికి ఫోన్ చేసి ప్రదర్శన గురించి, చెక్కు గురించి చెప్పాను. పాప సంగతి చెప్పలేదు. అంతా విని, “చాలా సంతోషం నాన్నా,” అన్నాడు. కాసేపాగి, “పిల్లలకి ఫొటోలు ఇచ్చారా?” అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయనా రెట్టించలేదు.

ఆ రోజుల్లోనే, 1876 నాటి ధాత కరువు గురించి చదువుతుంటే హూపర్ అనే మిలిటరీ అధికారి తీసిన ఫొటోలు కనబడ్డాయి. ఆ కరువు మన రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగాన్ని తినేసింది. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలవి. కరువు ఎంత ఘోరమో బయటి ప్రపంచానికి చూపించినవాటిలో అవీ ఉన్నాయి. వాళ్లని ఫొటో తీసి, ఏ సాయం చేయకుండా వదిలేశాడన్న విమర్శ కూడా ఆయన మీద ఉంది. ఆ ఫొటోల్లో ఒక్కరి పేరు కూడా మనకి తెలీదు. చూస్తున్నంతసేపూ నాకు ఆ హాస్టల్ పాపే గుర్తొచ్చింది. ఆ కరువు ఎక్కడ, మా ప్రదర్శన ఎక్కడ, పోలికే లేదు, నాకు తెలుసు. అయినా నా చేతి వైపు చూసిన ఆ చూపు మర్చిపోలేకపోయాను.

వారం తిరక్కుండా హాస్టల్‌లోని ముప్పై నలుగురు పిల్లలకీ పోస్టుకార్డు సైజు ప్రింట్లు వేయించి తీసుకెళ్లాను. ఆ పాప తన ఫొటో తీసుకుని వెలుతురులోకి వెళ్లింది. చెంప మీద చిన్న మచ్చ ఉంటే ఫొటో పాడైందనుకుని వేలితో రుద్దింది. పోలేదు. అప్పుడు తన చెంప తడుముకుంది. అక్కడ నిజంగానే చిన్న పుట్టుమచ్చ ఉంది. అద్దంలో ఎప్పుడూ పట్టించుకున్నట్టు లేదు. ఫొటోని లెక్కల పుస్తకంలో పెట్టింది, తీసింది, రేకుపెట్టెలో బట్టల అడుగున పెట్టింది, మళ్లీ తీసి పక్క పిల్లకి చూపించింది. నేను తిరిగి వచ్చేసరికి ఆ ఫొటో ఎక్కడ స్థిరపడిందో తెలీదు.

అప్పటి నుంచి మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మనుషుల ఫొటోలు అమ్మం. అవి ఆ మనుషులవి, వాళ్లకే ఇస్తాం. అమ్మడానికి నది ఉంది, సముద్రం ఉంది, ఆకాశం ఉంది. ఏటా నేను దివిసీమ వెళ్లి, హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు, తెల్లవారుజామున నాగాయలంక రేవు, మడ అడవుల్లో వేళ్ల మీద నిలబడ్డ చెట్లు, వీటిని తీసుకొస్తాను. పన్నెండు ఫొటోలతో క్యాలెండర్ వేస్తాం. పన్నెండంటే బాబాయి రీలుకి సరిగ్గా సరిపోతుంది. బ్యాంకులో పాత సహోద్యోగులు, అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలు కొంటారు. ఆ డబ్బులో సగం హాస్టల్ పుస్తకాలకి, సగం ప్రింటింగ్ కాగితానికి. 2009లో జెరెమీ కొవార్ట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్, ఫొటో తీయించుకునే స్తోమత లేనివాళ్లకి తీసి, అక్కడికక్కడే చేతికివ్వండి అంటూ ‘హెల్ప్ పోర్ట్రెయిట్’ మొదలుపెట్టాడని చదివి ఆ పేపరు కటింగ్ బాబాయికి పంపాను. చాలా మురిసిపోయాడు. “చూశావా, ఆయనా పుస్తకం రాస్తున్నాడేమో కనుక్కో,” అన్నాడు.

ఇప్పుడు మా సంచిలో చిన్న ప్రింటరు ఉంటుంది. అన్నం డబ్బా అంత. బ్యాటరీతో పనిచేస్తుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ వెళ్లొస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు అంతా పసుపు. రెండోసారికి ముఖాలకి ఎరుపు వస్తుంది. మూడోసారికి నీలం చేరి జుట్టు నల్లబడుతుంది. నాలుగోసారి పైన కనిపించని పూత. పిల్లలు చుట్టూ మూగి, “పసుపొచ్చింది! నేనొచ్చాను!” అని అరుస్తుంటే, నాకు ఎర్ర బల్బు కింద ఊగే ట్రే గుర్తొస్తుంది.

వృద్ధాశ్రమాలకీ వెళ్తాం. పిల్లల కన్నా అక్కడే నాకు ఎక్కువ పని ఉందనిపిస్తుంది. ఎందుకో చెబుతాను. మన ఇళ్లలో పెద్దవాళ్లు పోతే పెద్దకర్మ నాటికి ఫొటో కావాలి. దండ వేయాలి, దీపం పెట్టాలి. అప్పుడు వెతుకుతారు. ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోంచో ముఖం కత్తిరించి పెద్దది చేయిస్తారు. అదీ లేకపోతే ఆధార్ కార్డు. ఆ కార్డు మీద మనిషి ఎలా ఉంటాడో మనకి తెలుసు. ఎవరో కదలొద్దని గదమాయిస్తే బెదిరిపోయిన కళ్లు. డెబ్భై, ఎనభై ఏళ్లు బతికి, పిల్లల్ని పెంచి, పొలం దున్ని, చివరికి గోడ మీద మిగిలేది ఆ బెదురు చూపు. నాకు ఇది భరించరానిదిగా ఉంటుంది. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడ్డ తరం వాళ్లది. వాళ్లకి ఒక్క మంచి ఫొటో ఉండాలి.

గుంటూరు దగ్గర ఒక ఆశ్రమంలో ఒక పెద్దావిడ నన్ను ఆపి, పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకొచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చుని మూతి బిగించింది. కాస్త నవ్వండమ్మా అన్నాను.

“దండేసే ఫొటోకి నవ్వు బాగుంటుందా నాయనా?” అంది.

పక్క మంచం ఆవిడ, “పోయాక ఏడవడానికి నీ కొడుకులున్నారుగా, నువ్వు నవ్వు!” అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను రెండూ తీశాను, బిగించినదీ, నవ్వినదీ. రెండూ ప్రింటు తీసి ఇచ్చాను. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వెళ్తే ఆవిడ లేదు. ఆశ్రమం హాల్లో గోడకి ఆ నవ్వుతున్న ఫొటో ఉంది, చేమంతి దండతో. ఇదే పెట్టమని ముందే చెప్పిందట.

బాబాయి 2012లో పోయాడు. అంతకు ముందు ఏడాది మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చింది. బురదలో దొరికిన కుటుంబాల ఫొటోలని అక్కడి వాలంటీర్లు ఏరి, కడిగి, ఆరబెట్టి, సొంతదారులకి తిరిగి ఇస్తున్నారని వార్త వస్తే ల్యాప్‌టాప్‌లో చూపించాను. అప్పటికే ఆయన మంచం దిగలేని స్థితి. తెర మీద దండేలకి క్లిప్పులతో వేలాడుతున్న ఫొటోలు, బ్రష్‌తో బురద తుడుస్తున్న కుర్రవాళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చూశాడు.

“నీళ్లు చల్లగా ఉండాలి,” అన్నాడు చివరికి. “వేడి తగిలితే పొర లేచిపోతుంది. వాళ్లకి తెలుసో లేదో.”

“తెలుసు బాబాయ్.”

“ముఖం మీద బ్రష్ పెట్టొద్దని చెప్పు.”

సరేనన్నాను.

ఆయన పోయాక పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరకి చదివాను. టిక్కు పడనివి పదిహేడు. ఊళ్లు తెలుసు, నెగెటివ్‌లు ఉన్నాయి. స్కాన్ చేసి ప్రింట్లు తీసి, ఏటా నవంబరులో క్యాలెండర్ ఫొటోల కోసం వెళ్లినప్పుడు ఒక్కొక్కటే ఇస్తూ వస్తున్నాను. నెగెటివ్‌లో పాపాయిగా ఉన్నామెని అమ్మమ్మగా చూశాను. తండ్రి ముఖం ఎప్పుడూ చూడని ఒకాయన ఫొటో పుచ్చుకుని, జేబులోంచి తన ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టి నన్ను పోలికలు చెప్పమన్నాడు. చెవులు, అన్నాను. నిజంగానే చెవులు అచ్చం అవే.

మిగిలింది ఒక్కటి. ‘412. సొర్లగొంది. ముగ్గురు పిల్లలు, పడవ.’ ఉప్పెన దారుణంగా దెబ్బతీసిన జాలర్ల ఊళ్లలో సొర్లగొంది ఒకటి. ఒడ్డుకి లాగిన పడవకి ఆనుకుని ముగ్గురు మగపిల్లలు. పెద్దవాడి చేతిలో చేప. చిన్నవాడికి లాగు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకున్నాడు. నడిమివాడు కెమెరా వైపు కాకుండా అన్న చేతిలోని చేప వైపు చూస్తున్నాడు. పేర్లు రాయలేదు. ఎనిమిదేళ్లపాటు చూపించాను. రచ్చబండ దగ్గర, టీ కొట్టు దగ్గర, రేవులో. ఎవరూ గుర్తుపట్టలేదు.

పోయిన నవంబరులో టీ కొట్టు బల్ల మీద ఒక ముసలాయన ఫొటో తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. పిల్లల్ని చూడలేదు. పడవ పక్క మీద వేలు పెట్టాడు. అక్కడ పాత పలకల మధ్య ఒక కొత్త పలక ముక్క అడ్డంగా వేసి ఉంది.

“ఈ అతుకు మా నాయన వేశాడు,” అన్నాడు. “ఇది మా పడవ బాబూ.”

పిల్లలెవరో తెలుసా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. తాను అప్పటికి పనికని ఊరొదిలి వెళ్లాడట, తిరిగొచ్చేసరికి నాయన లేడు, పడవా లేదు. ఫొటో ఇంకా చేతిలోనే ఉంది. ఆ అతుకు మీద బొటనవేలు అలాగే పెట్టి ఉంచాడు.

“ఇది నేను ఉంచుకోవచ్చా?”

ఇచ్చేశాను. సాయంత్రం అవనిగడ్డ లాడ్జి గదిలో పుస్తకం తెరిచి పెన్ను తీశాను. 412 ఎదురుగా టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. పెన్సిల్‌తో చిన్నగా రాశాను: ‘పడవ వరకు ఇచ్చాం.’